టామస్ డార్సీగారి కీర్తన: దాని నిజమైన వృత్తాంతము

చదువవలసిన భాగములు: కీర్తన 73:21–28, లూకా 13:1–5, యోహాను 9:1–3



ఈ నెల పాఠము ఒక తప్పును దిద్దుకొనుటతో మొదలగుచున్నది. ఆ తప్పు మాదే.

కొంతకాలము క్రిందట మా సంఘములో ఇరువది రెండేండ్ల యువతి కాన్పులో చనిపోయెను. బిడ్డ బ్రదికెను. భర్త ట్రాక్టరు తోలి జీవించువాడు. ఎక్కువ మాటలాడువాడు కాడు. సమాధి యొద్ద ఆదరణ వాక్యములు చెప్పుచు, ఎప్పుడో చదివి జ్ఞాపకముంచుకొన్న కథ నొకదానిని మేము చెప్పితిమి. అమెరికా దేశములో టామీ డార్సీ అను ప్రసిద్ధుడైన వాద్యగాడుండెననియు, నాట్యశాలలలో జాజ్ సంగీతము వాయించుచు దేవుని మరచి తిరిగెననియు, అతని భార్యయు శిశువును ఒక్కసారే చనిపోగా హృదయము విరిగి ప్రభువు తట్టు తిరిగి "ప్రెషస్ లార్డ్" అను కీర్తనను వ్రాసెననియు చెప్పితిమి. దుఃఖములోనుండి దేవుడు పాటను పుట్టించునని ముగించితిమి. జనులు కన్నీరు తుడుచుకొనిరి. బాగుగానే చెప్పితిమని మేము తలంచితిమి.

మూడు వారములైన తరువాత ఆ యువకుడు మా యింటి అరుగు మీద కూర్చుండి, తల వంచుకొని, ఈ ప్రశ్న అడిగెను: "అయ్యగారూ, ఆ పాటగాణ్ణి దారికి తెచ్చుకోటానికి దేవుడు ఆయన పెళ్లాన్ని చంపాడా? అట్లాగైతే నా తప్పేమిటో చెప్పండి, దిద్దుకుంటాను."

మా యొద్ద జవాబు లేకపోయెను. ఏదో ప్రార్థన చేసి పంపివేసితిమి. కాని ఆ మాట మమ్మును విడువలేదు. మేము చెప్పిన కథ నిజమేనా, నిజమైతే దాని అర్థము అదేనా అని వెదకుట మొదలుపెట్టితిమి. వెదకగా తెలిసినది మీ ముందు పెట్టుచున్నాము. ఇట్టి కథలు ప్రసంగ దృష్టాంతములుగా అచ్చులోను, ఇప్పుడు ఫోనులలోను తిరుగుచున్నవి గనుక, బోధకులైనవారు ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాము.

మొదటి సంగతి: మనుష్యుడే వేరు. టామీ డార్సీ అనువాడు నిజముగానే ఉండెను. ఆయన 1905లో పెన్సిల్వేనియా రాష్ట్రములో పుట్టిన తెల్లవాడు. ట్రాంబోను అను ఇత్తడి వాద్యమును మిక్కిలి మృదువుగా ఊదుటలో పేరుపొందినవాడు. పెద్ద వాద్యబృందమునకు నాయకుడు. ఫ్రాంక్ సినాట్రా అను గాయకుడు 1940 మొదలు 1942 వరకు ఆయన బృందములోనే పాడి పైకి వచ్చెను. టామీ డార్సీ 1956లో మరణించెను. ఈ కీర్తనతో ఆయనకు ఏ సంబంధమును లేదు. ఇంటిపేరు ఒక్కటే, ముద్దుపేరు ఒక్కటే. అంతమాత్రమున ఒకని భార్య మరణమును మరియొకని కథలో పెట్టిరి. మనలో ఎవరైనను మన తండ్రిగారి సాక్ష్యమును పొరుగూరి మరియొకని పేర చెప్పినయెడల ఊరకుందుమా?

కీర్తన వ్రాసినవాడు టామస్ ఆండ్రూ డార్సీ, నల్లజాతివాడు. 1899 జూలై 1వ తేదీన జార్జియా రాష్ట్రములోని విల్లా రికా అను చిన్న ఊరిలో పుట్టెను. తండ్రి ఊరూర తిరిగి బోధించు బాప్టిస్టు బోధకుడు. ఆ బోధతో పొట్ట నిండదు గనుక ఇతరుల పొలమును పాలికి చేసి బ్రదికెను. తల్లి ఆర్గను వాయించుచుండెడిది. కాబట్టి ఈ టామస్ సంఘము వెలుపల పుట్టి పెరిగి తరువాత లోపలికి వచ్చినవాడు కాడు. బోధకుని కుమారుడు. బోధకుల పిల్లలను పెంచుచున్న మేము ఈ మాట వ్రాయుచు కొంచెము నిట్టూర్చితిమి.

బాలుడు ఎనిమిది తొమ్మిదేండ్లవాడై యుండగా ఆ కుటుంబము అట్లాంటా పట్టణమునకు చేరెను. అక్కడ బీదరికము మరింత కరిచెను. పిల్లవాడు త్వరలోనే బడి మానుకొని, "81" అను సంఖ్యయే పేరుగా గల ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సోడాలు అమ్ముచు, అక్కడికి వచ్చు పియానో వాద్యగాండ్ర చేతులను చూచి చూచి వాయించుట నేర్చుకొనెను. ఆదివారము తల్లి ఆర్గను, వారమంతయు నాటకశాల పియానో. ఈ రెండును ఒక్క చెవిలోనే పడెను.

పందొమ్మిది, ఇరువది యేండ్ల ప్రాయమున చికాగో పట్టణమునకు వెళ్లెను. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములనుండి నల్లజాతివారు వేలకొలదిగా ఉత్తరపు పట్టణములకు పోవుచుండిరి. దక్షిణమున ప్రత్తిచేల అప్పులు తీరవు, గుంపులు కూడి చంపు భయము తీరదు. ఉత్తరమున ఫ్యాక్టరీలలో కూలి దొరకును. చికాగోలో వారి సంఖ్య 1910లో సుమారు 44,000. 1930 నాటికి సుమారు 2,34,000. పొట్ట చేతపట్టుకొని పొరుగుదేశములకు పోవు మనవారిని ఎరిగినవారికి ఈ వలస ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అద్దె కట్టలేనివారు శనివారము రాత్రి తమ యింటనే విందు చేసి, వచ్చినవారి యొద్ద కొంత రుసుము తీసికొని ఆ సొమ్ముతో అద్దె కట్టుచుండిరి. డార్సీ అట్టి యిండ్లలో పియానో వాయించెను. పొరుగువారు మేల్కొనకుండ, పోలీసులు రాకుండ ఎంతో మెల్లగా వాయించుటలో ఆయన నేర్పరి. అందుచేతనే ఆయన పిలుపులు ఎక్కువాయెను.

ఆయన వాయించినది బ్లూస్ అను సంగీతము. దీనిని గూర్చి కొంచెము చెప్పవలెను. దక్షిణ రాష్ట్రములలో పొలము పనులలోను, రైలుదారి పనులలోను కష్టపడిన నల్లజాతివారి నడుమ అది పుట్టెను. సాధారణముగా ఒక మాట చెప్పుదురు. ఆ మాటనే మరల చెప్పుదురు. మూడవ పంక్తిలో దానికి జవాబు చెప్పుదురు. గాంధార నిషాద స్వరములను ఉన్న చోట నిలువనీయక కొంచెము క్రిందికి వంచి, జారవిడిచి పాడుదురు. మన సంగీతము ఎరిగినవారికి ఆ జారుడు క్రొత్తగా తోచదు. పాటలో ఉండునది ఏమనగా: పని పోయినది, భార్య విడిచిపోయినది, ఏరు పొంగి ఇల్లు మునిగినది. వీటిలో కొన్ని బూతు పాటలనుట నిజమే. అన్నియు బూతులనుట అన్యాయము. ఉన్న కష్టమును ఉన్నట్లు చెప్పుట అందలి బలము, మరియు ఆ విషయములో అవి మన కీర్తనల గ్రంథమునకు మరీ దూరముగా లేవని మాకు తోచుచున్నది. 88వ కీర్తన చివరి వచనము ఏ మాటతో ముగియునో తెరచి చూడుడి.

ఇప్పుడు ఆయన జీవితములో ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. మేము చెప్పిన కథ చెడినది ఇక్కడనే. మా కథలో డార్సీ లోకములో ఉండెను, భార్య చనిపోయెను, ప్రభువు నొద్దకు వచ్చెను. మూడు మెట్లు, చక్కగా. జరిగినది అట్లు కాదు.

1920లో ఆయనకు పనిభారము వలన మనస్సు చెడి, అట్లాంటాకు తల్లి నొద్దకు పోవలసివచ్చెను. చక్రము తిరిగి 1921లో చికాగోలో జాతీయ బాప్టిస్టు మహాసభ జరుగగా అక్కడ నిక్స్ అను గాయకుడు పాడిన పాటకు కదిలి, ఇకమీదట ప్రభువు పాటలే అని తీర్మానించుకొని ఒక చిన్న సంఘములో సంగీత నాయకుడాయెను. అయితే ఆ జీతము చాలలేదు. కొంతకాలమునకే మరల బ్లూస్ లోనికి పోయెను. 1924లో మా రెయినీ అను మహా గాయనికి వాద్యబృందమును కూర్చి, ఆమెతో ఊరూర తిరిగెను. 1925లో నెట్టీ హార్పర్ అను యువతిని వివాహమాడెను. ఆమెయు మా రెయినీ బృందములో దుస్తుల పని చూచుకొనునదై వెంట వచ్చెను. 1926లో మరల జబ్బు, ఈసారి మరింత ఘోరముగా. రెండేండ్లు సంగీతము ముట్టలేకపోయెను, ప్రాణము తీసికొందునా అని కూడ తలంచెను. ఆ దినములలో నెట్టీ పని చేసి ఇల్లు నడిపెను. ఈమె పేరు పాట కథలో ఒక్క మరణవార్తగానే వచ్చును. ఆమె తన భర్తను బ్రదికించి నిలిపిన రెండు సంవత్సరములను గూర్చి ఎవరును చెప్పరు.

ఆ కాలముననే ఒక పొరుగువాడు హఠాత్తుగా మరణించుట చూచి డార్సీ ఒక భక్తిగీతము వ్రాసెను. అప్పు తెచ్చిన సొమ్ముతో దాని ప్రతులు 500 దేశమందలి సంఘములకు తపాలాలో పంపెను. ఏండ్లు గడచినను ఆజ్ఞలు రాలేదు. తానే వెళ్లి పాడి వినిపింపబోగా కొన్ని సంఘములు ఆయనను వెళ్లగొట్టెను. ఇంతలో 1928లో టాంపా రెడ్ అను గిటారు వాద్యగాడు ఒక ద్వంద్వార్థపు పాటను పట్టుకొని ఇంటికి వచ్చెను. డార్సీ మొదట వెనుదీసెను. సొమ్ము అక్కరలో ఉండెను. కూర్చుండి స్వరపరచెను. ఆ రికార్డు దేశమంతట మిక్కిలిగా అమ్ముడుపోయెను. దేవుని పాటకు జవాబు లేదు, బూతు పాటకు సొమ్ము వచ్చెను. ఇట్టి సంగతిని సాక్ష్యములలో దాచివేయుదురు. డార్సీగారు దాచలేదు, ముసలితనములో కూడ ఆ బ్లూస్ పాటలను గూర్చి తాను సిగ్గుపడలేదని చెప్పుచుండెను.

1930లో గాలి మారెను. చికాగోలో జరిగిన జాతీయ బాప్టిస్టు మహాసభలో ఒక సహోదరి ఆయన పాత భక్తిగీతమును పాడగా, జనులు మరల మరల పాడించుకొనిరి. సుమారు 4,000 ప్రతులు అమ్ముడుపోయెను. 1931లోను తరువాతి సంవత్సరమందును ఎబెనేజరు బాప్టిస్టు సంఘములో థియొడోర్ ఫ్రై అను గాయకునితో కలిసి క్రొత్త గాయకబృందమును కూర్చెను. 1932లో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘము ఆయనను పిలిచెను. అక్కడ సుమారు ఏబది సంవత్సరములు సంగీత నాయకుడుగా ఉండెను. ఆయనయు మిత్రులును ఈ బృందములకొక జాతీయ సభను కూడ స్థాపించిరి. ఆ బృందములు పాడినదానికి "గాస్పెల్" అను పేరు నిలిచెను.

అందరును సంతోషింపలేదు. పట్టణపు పెద్ద సంఘములలో చదువుకొన్న పెద్దలు బాకు, హాండెలు వంటి ఐరోపా పండితుల సంగీతమును నిలువుగా నిలిచి పాడించుకొనుచుండిరి. చప్పట్లు, కాళ్ల తాళము, వంచి పాడిన స్వరము వారికి అవమానముగా తోచెను. మరచిపోగోరిన పొలము పాకలను అవి జ్ఞాపకము చేయును గదా. క్రొత్తగా దక్షిణమునుండి వచ్చిన పనిమనుషులకును కూలివారికిని అదే ప్రాణము. ఈ వివాదము మనకు తెలియనిది కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పైన రాగతాళముల పేర్లు అచ్చువేయబడియున్నవి. అయినను తబలా దేవాలయములో మ్రోగవచ్చునా, డప్పు మ్రోగవచ్చునా అని ఇంకను తగవులాడుచున్న సంఘములను మేమెరుగుదుము. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి తెచ్చిన బంగారముతో ప్రత్యక్ష గుడారపు పని జరిగెను (నిర్గమ 12:35, 35:22). అదే బంగారముతో దూడయు చేయబడెను (నిర్గమ 32:3). డార్సీ విషయములో ఈ రెండు సంగతులను కలిపి చదువవలెను. ఒక్కదానినే చదువువారు ఇరుపక్షములలోను ఉన్నారు.

కాబట్టి 1932 ఆగస్టు నెల వచ్చునప్పటికి టామస్ డార్సీ ఎక్కడ ఉండెను? నాట్యశాలలో కాదు. దేవుని సంఘములో, ప్రభువు పనిలో ఉండెను. నెట్టీ నెలలు నిండి ఉండెను. సెయింట్ లూయిస్ పట్టణములో ఉజ్జీవ కూటములలో పాడుటకు ఆయనకు పిలుపు వచ్చెను. చికాగోనుండి అది సుమారు 300 మైళ్లు. వెళ్లుటకు ఆయనకు మనస్సు ఒప్పలేదు. బయలుదేరి కొంతదూరము పోయిన తరువాత సంగీతపు పత్రముల సంచి మరచినట్లు తెలిసి తిరిగి వచ్చెను, నెట్టీ నిద్రపోవుచుండెను, ఆమెను లేపక సంచి తీసికొని మరల వెళ్లెను. తరువాత ఆయన దీనిని అనేక పర్యాయములు చెప్పుకొనెను. భార్యను సమాధి చేసిన ప్రతివానికి ఇట్టిది ఒకటి ఉండును: లేపియుంటినేని, వెళ్లకయుంటినేని.

కూటము జరుగుచుండగా ఒక కుర్రవాడు టెలిగ్రాము తెచ్చి వేదిక మీద చేతికిచ్చెను. భార్య చనిపోయెనని అందులో ఉండెను. చుట్టును జనులు పాడుచు చప్పట్లు కొట్టుచుండిరి. మిత్రుడొకడు కారులో ఆయనను చికాగోకు తెచ్చెను. మగబిడ్డ పుట్టెనని, బ్రదికి ఉన్నాడని ఇంటికి చేరిన తరువాత తెలిసెను. అయితే ఆ బిడ్డయు నిలువలేదు. ఆ రాత్రియే పోయెను. తల్లిని బిడ్డను ఒక్క పెట్టెలోనే పెట్టి సమాధి చేసిరి.

దీని తరువాత ఆయన వెంటనే మోకరించి పాట వ్రాయలేదు. గదిలో తలుపు మూసికొని కూర్చుండెను. దేవుడు తనకు అన్యాయము చేసెనని తలంచెను. ఇక ఆయనను సేవింపను, ఆయన పాటలు వ్రాయను, మునుపటి జాజ్ లోకమునకే పోవుదునని అనుకొనెను. ఈ సంగతిని ఆయనయే చెప్పెను. 73వ కీర్తన వ్రాసిన ఆసాపు తన హృదయము మత్సరపడినదని, తాను తెలివిలేని మృగమువలె ఉంటినని ఒప్పుకొనిన చోటును ఇక్కడ చదువవలెను. ఒప్పుకొన్న మరుసటి వచనములోనే తన చేయి పట్టుకొనబడియుండుటను ఆయన కనుగొనుచున్నాడు. కోపము పోయిన తరువాత చేయి పట్టబడెనని అక్కడ లేదు. కోపపడుచున్నప్పుడే పట్టబడియుండెను.

కొన్ని దినములైన తరువాత, ఒక శనివారము సాయంకాలము, థియొడోర్ ఫ్రై వచ్చి ఆయనను బయటికి తీసికొనిపోయెను. ఆనీ మలోన్ అను నల్లజాతి వ్యాపారవేత్త స్థాపించిన పోరో కళాశాల ఆ చుట్టుపట్లనే ఉండెను. అందులో నిశ్శబ్దమైన గది, ఒక పియానో. ఫ్రై ఏమియు బోధింపలేదు. ఎందుకిట్లు జరిగెనో చెప్పబోలేదు. తీసికొనిపోయెను, ప్రక్కన ఉండెను, అంతే. యోబు స్నేహితులును మొదటి ఏడు దినములు అట్లే కూర్చుండిరి. నోరు తెరచిన తరువాత గదా చెడిపోయిరి (యోబు 2:13). సమాధి యొద్ద మేము ఏడు నిమిషములైనను కూర్చుండలేకపోతిమి.

డార్సీ చేతులు పియానో మెట్ల మీద ఊరకే తిరుగుచు ఒక పాత రాగములోనికి పోయెను. ఇది గమనింపవలసినది: ఆ రాగము ఆయనది కాదు. "మెయిట్లండ్" అను పేరుతో కీర్తన పుస్తకములలో ఉన్నది. 1844లో జార్జి నెల్సన్ ఆలెన్ అను తెల్లజాతి సంగీత ఉపాధ్యాయుడు కూర్చినది. సిలువను యేసు ఒక్కడే మోయవలెనా అను భావముగల ఆంగ్ల కీర్తనకు పాడునది. అలవాటు చొప్పున డార్సీ దానిని నెమ్మది చేసి, స్వరములను వంచి వాయించెను. మాటలు వచ్చెను. అలసిపోయిన ఒకడు చీకటిలో నిలిచి, నా చేయి పట్టుకొని ఇంటికి నడిపించుమని ప్రభువును వేడుకొనుట, అంతే ఆ పాట. భార్య పేరు లేదు. బిడ్డ లేదు. ఎందుకు అను ప్రశ్నయు లేదు, దానికి జవాబును లేదు. ఆయన మొదట ప్రభువును మరియొక విశేషణముతో పిలువగా, "ప్రెషస్" అనుము, అనగా ప్రశస్తమైనవాడా అనుము, అని ఫ్రై చెప్పెననియు, అదే నిలిచెననియు డార్సీగారు చెప్పియున్నారు. ఆ పాటను ఎబెనేజరు సంఘములో మొదట పాడినవాడు ఫ్రై, డార్సీ పియానో వాయించెను, జనులు ఆపుకొనలేకపోయిరి.

ఇట్లు, ఒక్కడు ఒక్క రాత్రిలో పొందిన పాట అని మేమనుకొన్నది, నిదానించి చూడగా, ఎనుబదియెనిమిది సంవత్సరముల నాటి రాగము, బ్లూస్ ఇండ్లలో నేర్చిన చేతివాటు, తల్లి ఆర్గను, మిత్రుని మాట ఒకటి, మిత్రుని గొంతు, ఒక కళాశాలవారు తెరచియుంచిన తలుపు. దుఃఖము ఉండెను. దుఃఖమే పాటను చేసెనని చెప్పజాలము. దుఃఖము తనంతట తాను చేసినది తలుపు మూయుటయే.

పాట తరువాతి ప్రయాణమును త్వరగా చెప్పుదుము. న్యూ ఆర్లియన్సునుండి చికాగోకు వచ్చి సేవకురాలుగా పని చేసిన మహేలియా జాక్సన్ అను యువతి, వీధి మూలలలో నిలిచి డార్సీ పాటలు పాడుచుండగా ఆయన ప్రక్కన ప్రతులు అమ్ముచుండెను. సాలీ మార్టిన్ అను మరియొక గాయని ఆయన లెక్కలు చక్కపెట్టి, వ్యాపారమును నిలువబెట్టెను. 1937లో మహేలియా కొరకు ఆయన "పీస్ ఇన్ ద వ్యాలీ" అను పాటను కట్టెను. యుద్ధపు వార్తలు మూగుచుండగా రైలులో పోవుచు, లోయలో పశువులు నెమ్మదిగా మేయుట చూచి వ్రాసెనట. దానిని 1951లో రెడ్ ఫోలీ అను తెల్లజాతి గాయకుడు రికార్డు చేయగా లక్షలుగా అమ్ముడుపోయెను. 1957 జనవరి 6న ఎల్విస్ ప్రెస్లీ టెలివిజనులో పాడెను. నల్లవారు తెల్లవారు కలిసి కూర్చుండుటకు చట్టములు ఒప్పని రాష్ట్రములలో ఈ నల్లవాని పాటలను తెల్లవారి ఇండ్లలో పాడుకొనిరి. వింతయే గాని, పాటకు తలుపు తెరచుట మనుష్యునికి తలుపు తెరచుటకంటె తేలిక. మన గ్రామములలోను ఇది తెలిసినదే.

1968 ఏప్రిల్ 4వ తేదీ సాయంకాలము మెంఫిస్ పట్టణములో, ఒక మోటలు మేడ వసారాలో నిలిచియున్న మార్టిన్ లూథర్ కింగుగారు, క్రింద నిలిచిన బెన్ బ్రాంచ్ అను వాద్యగానితో, ఆ రాత్రి కూటములో "ప్రెషస్ లార్డ్" వాయించుమని, చక్కగా వాయించుమని చెప్పెను. క్షణములలో తుపాకి ప్రేలెను. ఏప్రిల్ 9న ఆయన అంత్యక్రియలలో మహేలియా జాక్సన్ ఆ పాటనే పాడెను. 1972లో మహేలియా మరణింపగా చికాగోలో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను ఆమె కొరకు పాడెను. తన పదునాలుగవ యేటనే డిట్రాయిటులోని తన తండ్రి సంఘములో దానిని పాడి రికార్డు చేసినది ఈమెయే. డార్సీగారు 1993 జనవరి 23న, తొంబది మూడేండ్ల వయస్సున చికాగోలో నిద్రించెను. ఆయన వాయించిన పిల్‌గ్రిమ్ బాప్టిస్టు దేవాలయము 2006లో అగ్నికి ఆహుతియై గోడలే మిగిలెను.

ఇక మా యువకుని ప్రశ్నకు రావలెను. డార్సీని దారికి తెచ్చుటకు దేవుడు నెట్టీని తీసికొనెనా? ఆయన అప్పటికే దారిలో ఉండెను. పైగా ప్రభువు పని మీద పోయినందుననే ఆ రాత్రి ఆమె ప్రక్కన లేకపోయెను. ఆమె మరణము ఆయనను దేవుని యొద్దకు తేలేదు. కొన్ని దినములు దేవుని యొద్దనుండి పారద్రోలెను. మేము చెప్పిన కథలో వరుస తారుమారు చేయబడినందున దేవుడు వెల అడుగువానివలె కనబడెను. సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనమండుగురిని గూర్చి, వారు ఇతరులకంటె అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే జవాబిచ్చెను. పుట్టు గ్రుడ్డివానిని చూపి, పాపము వీనిదా వీని కన్నవారిదా అని శిష్యులు అడుగగా రెండును కాదనెను. శిష్యులు అడిగిన తప్పు ప్రశ్నకు మేము సమాధి యొద్ద నిలిచి, ఎవరును అడుగకుండగనే, తప్పు జవాబు చెప్పితిమి.

ఒక శనివారము మేము ఆ యువకుని ఇంటికి పోయితిమి. బిడ్డ ఆయన ఒడిలో ఉండెను. తల్లి పొయ్యి యొద్ద ఉండెను. సమాధి యొద్ద చెప్పినది తప్పని, క్షమింపుమని చెప్పి, పైన వ్రాసిన సంగతులు మా చేతనైనట్లు చెప్పితిమి. ఆయన విని, "అయితే నా తప్పు కాదన్నమాట" అనెను. కాదు నాయనా, నీది కాదు, ఆమెది కాదు అంటిమి. తల్లి పొయ్యి యొద్దనుండియే, "ఆ పాటలాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడా అయ్యగారూ?" అని అడిగెను. చేసికొనెనమ్మా, 1941లో, తొమ్మిదేండ్లకు, ఇద్దరు పిల్లలు కూడ కలిగిరి అని చెప్పితిమి.

"తొమ్మిదేళ్లు" అని ఆ యువకుడు ఆ మాటను మెల్లగా మరల అనెను. తరువాత బిడ్డను తల్లి చేతికిచ్చి, బయట నిలిపిన ట్రాక్టరు నొద్దకు పోయెను. ఆ దినము దమ్ము పని ఇంకను రెండెకరములు మిగిలియుండెను.